తూటా పడే జాగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తుపాకి ఉండేదని చెబితే మా మనవలు నమ్మరు. నమ్మినా వెంటనే అడిగేది ఒకటే, "నువ్వు పేల్చినవా నానమ్మా?" అని. వాళ్ళు చూసే సినిమాల్లో తుపాకి కనపడిందంటే పేలాల్సిందే మరి. మా ఇంటి తుపాకి అలాంటిది కాదు. అది పేలిన రోజులకంటే మధ్య అర్రలో చిలక్కొయ్యకు ఊరికే వేలాడిన రోజులే ఎక్కువ. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా అది పేలని రోజు గురించే. పేలి ఉంటే అన్ని రోజుల్లాగే ఆ రోజునూ మరిచిపోయేదాన్నేమో.

మాది జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి వైపు పోయే దారిలో ఒక పల్లె. ఎర్రమట్టి నేల. అప్పటికి షుగర్ ఫ్యాక్టరీ వచ్చి, మా వైపు అందరూ చెరకు పెట్టడం నేర్చుకున్నారు. చెరకు తీపి మనుషులకంటే ముందు అడవి పందులకు తెలిసిపోయింది. ఒక్క మంద దిగిందంటే తెల్లారేసరికి చేనంతా తొక్కి పెట్టేది. అందుకని పంట కాపాడుకోవడానికి మా తాతయ్యకు సర్కారు వాళ్ళు తుపాకి లైసెన్సు ఇచ్చారు. ఒంటి గొట్టం తుపాకి, తూటా పెట్టి పేల్చేది. తూటా పేలితే అందులోంచి సీసపు గుండ్లు జొన్నగింజల్లా చెదిరిపోయేవి.

ఆ తుపాకికి మా ఇంట్లో ఉన్న మర్యాద అంతా ఇంతా కాదు. ఎలక్షన్లు వచ్చాయంటే దాన్ని దుప్పట్లో చుట్టి, బండిలో పెట్టుకుని పోయి పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రావాలి. ఓట్లు అయిపోయాక మళ్ళీ తెచ్చుకోవాలి. తాతయ్య దాన్ని తీసుకుని ఇంటికి వస్తే మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "వచ్చిండా మన చుట్టం? కాళ్ళకు నీళ్ళియ్యాల్నా?" అని ఎగతాళి చేసేది. తాతయ్య నవ్వేవాడు గానీ తుపాకి సంగతిలో మాత్రం నవ్వులాటలు సాగనిచ్చేవాడు కాదు. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది కాబట్టి మా నాన్న కూడా దాన్ని ముట్టుకోకూడదు. పేల్చేది మా చేలోనే, పందుల మీదే, మూతి నేలవైపు పెట్టే. బాటకు దగ్గర్లో, ఊరికి దగ్గర్లో, మనుషులు మసిలే నీళ్ళకు దగ్గర్లో పేల్చకూడదు. స్టేషన్లో జమేదారు చెప్పిన ఈ మాటలన్నీ తాతయ్యకు నోటికి వచ్చు.

ఇక మా మేనత్త సంగతి చెప్పాలి. నాన్నకు చెల్లెలు, తాతయ్యకు ఒక్కగానొక్క ఆడపిల్ల. నాకు జడలు వేసింది, స్నానం చేయించింది, వెన్నెల్లో కూర్చోబెట్టి అన్నం తినిపించింది అంతా ఆమే. మా అమ్మకు చేలపని తప్ప నా జడల మీద ఎప్పుడూ ధ్యాస లేదు. ఆ అత్తను బీదర్ వైపు, రాష్ట్ర సరిహద్దు అవతల ఒక పల్లెలో ఇచ్చారు. అక్కడ వాళ్ళకు ఒక ఆచారం. పెళ్ళికొడుకు ఊరేగింపు ఆడపిల్ల ఊరి పొలిమేరకు రాగానే, పిల్ల తండ్రి అల్లుడి పేరు మీద ఒక తూటా పైకి పేల్చాలి. ఇంట్లో తుపాకి లేనివాళ్ళు పటాకులు కాలుస్తారు. మా ఇంట్లో తుపాకి ఉందని వాళ్ళు విని ఉన్నారు. ఎంతో ఆశగా ఊరేగింపుతో వచ్చి పొలిమేరలో నిలబడ్డారు.

తాతయ్య పేల్చలేదు. బ్యాండు మేళం పెట్టించాడు, పన్నీరు చల్లించాడు, చేతులు జోడించి తానే గుర్రం కళ్ళెం పట్టుకుని నడిపించాడు. అయినా తుపాకి చిలక్కొయ్య దిగలేదు. మగపెళ్ళివాళ్ళు అప్పటికి నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ లోటు అత్త వెనకాలే వాళ్ళ ఇంటికి పోయి కూర్చుంది. కూరలో ఉప్పు ఎక్కువైనా అదే మాట, పాలు పొంగిపోయినా అదే మాట. "ఇంట్ల తుపాకి పెట్టుకొని అల్లునికి ఒక్క తూటాకు గతిలేకపాయె మీ నాయినకు" అని ఆమె అత్తగారు వచ్చినవాళ్ళ ముందర, పోయినవాళ్ళ ముందర దెప్పేదట.

పెళ్ళయిన తర్వాత వచ్చిన మొదటి దసరాకు ఈ సంగతంతా మాకు తెలిసింది. బతుకమ్మ ఆడుకోవడానికి అత్త ముందుగా వచ్చింది. వచ్చిన మనిషిని చూసి నాయనమ్మ చేతిలో పని వదిలేసింది. పుట్టింట్లో ఇల్లంతా తానే అయి తిరిగిన పిల్ల, పిలిస్తే ఉలిక్కిపడుతోంది. బావి దగ్గర నాయనమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. "తిట్టరు, కొట్టరు, తిండికి కొదువ లేదే అమ్మా. గని ఆ ఒక్క మాట నన్ను తింటున్నది. ఈసారన్న నాయిన ఆయన పేరు మీద పేల్చకపోతే నేను ఆ ఇంట్ల తలెత్తి తిరగలేను" అంది. పక్కనే బిందె పట్టుకుని నిలబడిన నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఒక్క తూటా! మా అత్తకంటే ఎక్కువా అది? చిలక్కొయ్య అందే ఎత్తు ఉంటే నేనే తీసి పేల్చేదాన్ని. తాతయ్య మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది ఆ రోజే.

దసరా నాడు మామయ్య వచ్చాడు. మంచి పొడగరి, మీసం మాత్రం ఇంకా సరిగా కుదురుకోలేదు. మాట మెత్తన. పండుగ పూట అందరితో జమ్మి ఆకు పంచుకున్నాడు, అలాయ్‌బలాయ్ తీసుకున్నాడు, ఏమీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున రొట్టెలు తిన్నాక, చెయ్యి కడుక్కుని వచ్చి తాతయ్య ఎదురుగా కూర్చున్నాడు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు వాళ్ళమ్మ గట్టిగానే చెప్పి పంపించినట్టుంది. పాపం, అడగడానికి ఆయనకూ నోరు రావడం లేదు.

"మామా, తప్పుగ అనుకోకున్రి. పెండ్లినాడు గుంపు ఉండె, ఊరి నడుమ ఉండె, వద్దంటిరి. నేను కాదనలే. ఇప్పుడు ఊరు లేదు, గుంపు లేదు. భూమి మీదే, కుంట మీదే, తుపాకి మీదే. మన పట్టాల మనం ఒక్కటి పేలిస్తే అడిగేటోడు ఎవడు?" అన్నాడు.

మా నాన్న వెంటనే అందుకున్నాడు. పట్టా మనదైనా సరే, లైసెన్సు ఇచ్చింది పందుల కోసమనీ, సంబరానికి పేల్చారని తెలిస్తే తుపాకి గుంజుకుపోతారనీ, రేపు చెరకును కాపాడేది ఎవరనీ చెప్పబోయాడు. తాతయ్య చెయ్యి ఎత్తి ఆపేశాడు. తలుపు వెనక అత్త గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. తాతయ్య తీరిగ్గా వక్క నమిలి, అల్లుడి ముఖంలోకి చూశాడు.

"మంచిది అల్లుడా. పేలుస్త. మీ పేరు మీద నేనే పేలుస్త. గని ఒక్కటి. తూటా ఎక్కడ పడాల్నో ఆ జాగ మీరు చూపెట్టాలె. గంతే. మీరు చూపెట్టున్రి, నేను పేలుస్త."

మా నాన్న నోరెళ్ళబెట్టాడు. నేనైతే ఎగిరి గంతేశాను. తలుపు సందులోంచి అత్త ముఖం చూశాను. ఎన్నాళ్ళకు చూశానో ఆ నవ్వు! నన్ను లోపలికి లాక్కుని చెవిలో చెప్పింది. "ఆయన వెంటే ఉండు బిడ్డా. కోపానికొస్తే జర నవ్వించు. తాతను తొందర పెట్టకున్రి, మనసు మార్చుకుంటడు" అంది. తుపాకి చప్పుడు వినడానికి వంటింటి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి పెట్టింది.

తాతయ్య తుపాకి దించి, తుండుతో తుడిచి, ఖాళీదే భుజాన వేసుకున్నాడు. తూటా అంగీ జేబులో వేసుకున్నాడు. మామయ్య ముందు, తాతయ్య వెనక, ఆ వెనక నేను. ఊళ్ళో ఎదురైనవాళ్ళు విచిత్రంగా చూశారు. తాతయ్య ఒకరి వెనక నడవడం ఎవరూ చూసి ఉండరు. ఆయన ఎప్పుడూ ముందే నడిచే మనిషి.

చెలకలోకి, అంటే మా చేలోకి పోగానే మామయ్య తూర్పు వైపు చెయ్యి చాపాడు. అటు మాకు చాలా దూరం వరకు చెరకే. "ఏడ పడుతది అల్లుడా?" అని అడిగాడు తాతయ్య. చెరకు అవతల బాట ఉంది. పండుగకు పుట్టిళ్ళకు వచ్చిన ఆడవాళ్ళతో, టాపు మీద కూర్చున్న మగవాళ్ళతో జహీరాబాద్ పోయే బస్సు అప్పుడే దుమ్ము లేపుకుంటూ పోయింది. మామయ్య చెయ్యి దించేశాడు. పడమటి వైపు తిరిగాడు. అటు పక్కవాళ్ళ అల్లం చేలో ఆడకూలీలు వంగి కలుపు తీస్తున్నారు. వాళ్ళు మమ్మల్ని చూసి, "కొత్తల్లుడు పందుల వేటకొచ్చిండే!" అని నవ్వారు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఉత్తరం వైపు పిల్లబాట, దాని మీద మేకలు, మేకల వెనక ఎవరిదో పాట.

"ఇట్ల గాదు మామా, సీద పైకి పేలుద్దాం" అన్నాడు మామయ్య. తాతయ్య తలెత్తి ఆకాశం వైపు చూశాడు. నేనూ చూశాను. మామయ్యా చూశాడు. "పైకి పోతది, మంచిదే. దిగుడు ఏడ దిగుతది?" అన్నాడు తాతయ్య. వెక్కిరింత లేదు ఆ గొంతులో. తెలియని మనిషి దారి అడిగినట్టు అడిగాడు. మామయ్య తల గోక్కున్నాడు. మూతి కిందికి పెట్టి నేలలోకి పేల్చమందామంటే, వాళ్ళ వైపు అది చావు ఇంటి లెక్క, శుభానికి పనికిరాదు. అన్ని ఎకరాల భూమి ఉండి ఒక్క తూటా పట్టే జాగ లేదంటే నాకే తలకొట్టేసినట్టు అయింది. ఎండ ఎక్కుతోంది. తాతయ్య ఒక్కసారైనా 'ఇక చాలు' అనలేదు. అల్లుడు ఎటు తిరిగితే అటు తిరిగాడు, ఎక్కడ ఆగితే అక్కడ ఆగాడు.

అట్లా తిరిగి తిరిగి కుంట దగ్గరికి వచ్చాం. మా తాతల నాడు తవ్వించిన కుంట అది. మా పట్టాలోదే అయినా ఊరి పశువులన్నీ అక్కడే తాగుతాయి, బట్టలు అక్కడే ఉతుకుతారు, మా వాడకట్టు బతుకమ్మలు అందులోనే వేస్తారు. ఆ ఏడు వేసిన గునుగు పూలు వాడిపోయి ఒడ్డున తెట్టులా ఆడుతున్నాయి. ఎండ ఎక్కిన వేళ కాబట్టి ఒక్క మనిషి లేడు. అవతలి ఒడ్డు పొడుగునా మనిషి ఎత్తు జమ్ము గడ్డి పెరిగి ఉంది. దాని వెనక ఏముంటుంది? ఏమీ ఉండదు. మా గట్టు, తుమ్మ చెట్లు.

మామయ్య ముఖం వెలిగిపోయింది. "గిదే జాగ మామా! ఇంతసేపు ఎందుకు తట్టలేదో! నీళ్ళ మీదికి పేలుద్దాం. నీళ్ళల్ల పడితే మునుగుతది. ఎవలకేమైతది?"

నేను చప్పట్లు కొట్టాను. ఇంట్లో కిటికీ దగ్గర చెవి పెట్టుకుని నిలబడిన అత్త కళ్ళముందు కదిలింది. తాతయ్య తల ఊపి, చాకిరేవు బండ మీద కూర్చుని తుపాకి ఒళ్ళో పెట్టుకున్నాడు. "సరె. నీళ్ళల్ల మునుగుతదా లేదా జర చూద్దాం" అని నా వైపు తిరిగి, "బిడ్డా, మామకు నీ కప్పలాట చూపెట్టు" అన్నాడు.

కప్పలాట అంటే, పలచని పెంకు ముక్కను నీళ్ళ మీదికి వాలుగా విసిరితే అది మునగకుండా కప్పలా గంతులు వేసుకుంటూ పోతుంది. ఈ సమయంలో ఆటలేమిటని నాకు విసుగొచ్చింది. అయినా ఒకటి విసిరాను. రెండు గంతులు వేసి బుడుంగుమంది. మామయ్య పకపకా నవ్వాడు. "గిదేనా మీ ఊరి కప్పలాట? మా ఊర్ల నన్ను కొట్టినోడు లేడు పిల్లా" అని పాంటు మడిచి, ఒడ్డున వెతికి వెతికి అరచేతిలో పట్టేంత పెంకు ఏరుకున్నాడు. ఒక్క నిమిషం పెళ్ళికొడుకు పోయి మా బడి పిల్లాడు మిగిలాడు. నడుము వంచి విసిరాడు. అబ్బో, ఏం విసిరాడనుకున్నారు! పెంకు నీళ్ళను తాకుతూ, లేస్తూ, తాకుతూ, లేస్తూ, ఆ చివరికి పోయి జమ్ములోకి దూరిపోయింది.

ఆ వెంటనే లోపల ఠంగుమని గిన్నె మోగింది. పసిపిల్ల కెవ్వున ఏడ్చింది.

 జమ్ము కదిలింది. దాన్ని రెండు చేతులా పక్కకు తోసుకుంటూ ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. కచ్చపోసి కట్టిన చీర, చంకలో బిడ్డ, చేతిలో మామయ్య విసిరిన పెంకు. ఆమె వెనక తడకలతో సగం లేపిన గుడిసె, పొయ్యి పొగ కనిపించాయి. ఆ ఏడు ఫ్యాక్టరీ ముందుగా మొదలవుతుందని, చెరకు నరకడానికి మరాఠీ వైపు నుంచి వచ్చినవాళ్ళను మేస్త్రీ ముందటి రోజు పొద్దుగూకేటప్పుడు అక్కడ దించిపోయాడట. నీళ్ళు ఉన్నచోటే కదా ఎవరైనా దిగేది.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మమ్మల్నీ తాతయ్య ఒళ్ళోని తుపాకినీ చూసి, మెల్లగా ఏదో అంది. నాకు మరాఠీ రాదు, తాతయ్యకూ అంతంతే. సరిహద్దు ఊరివాడు కాబట్టి మామయ్యకు బాగా వచ్చు. ఆయన ముఖం పాలిపోయింది. "ఏమంటుంది మామయ్యా?" అని నేను చెయ్యి పట్టి ఊపితే చెప్పాడు.

"పోతమంటుంది. పొయ్యి మీద రొట్టె ఉన్నది, పిల్లలు తినంగనే గుడిసె పీక్కొని పోతమంటుంది. రాళ్ళు వెయ్యొద్దు అంటుంది."

వెళ్ళగొట్టడానికే రాయి వేశామని అనుకుంది ఆ తల్లి. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది వేసి ఉంటారో. తాతయ్య లేచి నిలబడ్డాడు. తుపాకిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. పెంకు నీళ్ళ మీద ఎగురుతుందని ఆయనకు తెలుసు, సీసపు గుండ్లూ అలాగే ఎగురుతాయని అల్లుడికి చెబుదామనే నాతో ఆ ఆట ఆడించాడు. కానీ జమ్ము వెనక మనుషులు ఉన్నారని ఆయనకూ తెలియదు. "నాకు గూడ తెల్వదు అల్లుడా" అన్నాడు. తన కుంట, తన గట్టు, పొద్దున లేస్తే తిరిగే చోటు. అయినా తెలియదు.

మామయ్య రెండు చేతులూ జోడించి ఆమెతో గబగబా మరాఠీలో మాట్లాడాడు. ఆగలేక, చెప్పులు ఇక్కడే విడిచి, గట్టు చుట్టూ తిరిగి అవతలికి పోయాడు. జమ్ము సందులోంచి నాకు కనిపిస్తూనే ఉన్నాడు. ఆమె మగడితో ఏదో చెప్పాడు, బిడ్డ తల నిమిరి చూశాడు, పడిపోతున్న తడకకు తానే గుంజ పాతి రాయితో కొట్టాడు. పండుగకు కుట్టించుకున్న తెల్లంగీ బురద బురద అయింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక వేడి జొన్నరొట్టె, మీద ఎల్లిపాయ కారం. ఇంత జరిగినా వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపించలేదు ఆమె. మామయ్య దాన్ని మూడు ముక్కలు చేసి మా ఇద్దరికీ పెట్టాడు.  కారం మంటకో మరి దేనికో ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"జాగ లేదు మామా," అన్నాడు చివరికి. "పేల్చకున్రి. వద్దు."

అప్పుడు చెప్పాడు తాతయ్య, ఇంట్లో ఎవరికీ చెప్పని మాట. "పెండ్లి ముందర నేను గూడ ఇట్లనే తిరిగిన అల్లుడా. ఒక్కతే బిడ్డ. లైసెన్సు పోతే పోయె, పందులు తింటే తినె, నా బిడ్డ పెండ్లికి ఒక్కటి పేలుద్దామని పొలిమేర పొంట తిరిగిన. ఏడ జూసినా మనుషులే ఉన్నరు. దొరకలే."

మామయ్య ఒడ్డున విడిచిన చెప్పులు తొడుక్కున్నాడు. "మరి అప్పుడే చెప్పకపోతిరి మామా. మా అమ్మ ఏడాది సంది మీ బిడ్డను ఎన్ని మాటలన్నది..."

"చెప్తే సాకు అనుకుందురు గద" అన్నాడు తాతయ్య.

ఇంటికి వచ్చేటప్పుడు కూడా తాతయ్య అల్లుడి వెనకే నడిచాడు. మామయ్య ఎన్నిసార్లు ఆగి ముందు నడవమన్నా వినలేదు. ఇంటి మలుపు తిరుగుతుంటే నేను వెనకబడ్డాను. అత్తకు ఏం చెప్పాలి? చప్పుడు వినపడలేదని ఆమెకు ముందే తెలిసిపోయింది. మమ్మల్ని చూడగానే ముఖం తిప్పుకుని పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. పొయ్యిలో నిప్పు లేదు. ఉత్త బూడిద.

మామయ్య వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. మా ఇళ్ళలో కొత్తల్లుడు వంటింటి దాకా రావడమే వింత. నాయనమ్మ నన్ను బయటికి లాగబోయింది గానీ నేను గుంజ పట్టుకుని కదల్లేదు. "మీ నాయిన పేలుస్తనే అన్నడు. నేనే వద్దన్న" అన్నాడాయన. అత్త ఊదుడు గొట్టం కింద పెట్టి, "మరి మీ అమ్మ అడిగితే?" అంది.  "నేను ఉన్న గద, నేను చెప్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ మాట అనడం తేలికే. బుగ్గలు తుడుచుకున్న అత్త ముఖంలో మాత్రం నమ్మకం లేదు.

మర్నాడు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాకు చదువు మీద మనసు నిలిస్తే ఒట్టు. ఆ ముసలమ్మ ఏమందో, అత్త ఏం పడుతోందో అని ఒకటే బెంగ. తాతయ్య కూడా పైకి కిక్కురుమనకపోయినా, బీదర్ వైపు నుంచి ఎవరు వచ్చినా మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి మెల్లగా కూతురి సంగతి అడిగేవాడు.

చలి తగ్గాక అత్త వచ్చింది. గడపలో అడుగు పెడుతూనే నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది చూడండి, అప్పుడే నాకు ప్రాణం కుదుటపడింది. కూర్చోబెట్టి చెప్పించుకున్నాం. ఆ రోజు ఇంకా చెప్పులు విప్పకముందే వాళ్ళత్త అడిగిందట, "పేల్చిన్రా, లేదా?" అని. అత్త తల దించుకుంటే, మామయ్య సంచి కింద పెట్టి, ఇరుగుపొరుగు అందరూ వింటుండగా చెప్పాడట.

"అమ్మా, మా మామ అంత పెద్దమనిషి. తుపాకి భుజాన ఏసుకొని, తన చెలకల తానే, పొద్దంత నా వెనుక నడిచిండు. జాగ చూపెట్టు అల్లుడా, పేలుస్త అన్నడు. నాకే దొరకలే. నేనే వద్దన్న. ఇంతకంటే మర్యాద ఎవలు చేస్తరు? ఇగ ఈ ఇంట్ల ఆ మాట రావద్దు."

రాలేదు. అంతే కాదు, నెల తిరక్కుండానే ఆ ముసలమ్మ బావి దగ్గర చేతులు తిప్పుకుంటూ, "మా వియ్యంకుడు తుపాకి పట్టుకొని నా కొడుకు వెనుక తిరిగిండు, మీ ఇండ్లల్ల ఎవలకన్న అయ్యిందా?" అని గొప్పలు పోయిందట. అది చెబుతూ అత్త కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తాతయ్య తుండు ముఖానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నేను మంచిదాన్నే గానీ నోటి దురుసు ఎక్కువ. 'వద్దు' అన్న మాట నా నాలుక కొసన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఎన్ని వద్దులు అన్నానో, అవన్నీ సరైనవే అయినా ఎంతమంది ముఖాలు మాడ్చుకున్నారో లెక్క లేదు. మా పెద్దవాడు ఒకసారి పక్కవాళ్ళ బావికి ఆనుకునే బోరు వేయిస్తానని కూర్చున్నాడు. భూమి మనదే కదా అమ్మా, అడిగేవాడెవడు అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. నాలుక కొసకు వచ్చినదాన్ని మింగి, "సరే బిడ్డా, ఎక్కడ వేస్తవో చూపెట్టు, పోదాం పా" అన్నాను. వాడి వెనకే చేనంతా తిరిగాను. పక్కవాళ్ళ బావిలోకి వాడే తొంగి చూశాడు, లోపల అడుగున చేరిన కాసిని నీళ్ళను ఆ ఇంటి కోడలు చేద వేసి తోడుతోంది. ఇంటికి వచ్చేటప్పుడు వాడే అన్నాడు, వేరేచోట చూద్దామమ్మా అని.

తాతయ్య పోయాడు, ఆ తుపాకిని సర్కారుకు అప్పజెప్పేశాం. పోయిన ఏడు మామయ్య కూడా పోయాడు. ఇప్పుడు నాకు మోకాళ్ళు పట్టేశాయి, డాక్టరు ఎక్కువ నడవొద్దంటాడు. అయినా సరే, ఇంట్లో ఎవరికైనా వద్దని చెప్పాల్సి వస్తే నేను ముందు చెప్పులు వేసుకుంటాను.